రెక్క నొప్పికి కరెంటు పట్టీ, మన సంఘం హాలు



పోయిన నెల కమిటీ మీటింగులో ఏం జరిగిందో మీలో కొందరికి తెలుసు, రానివాళ్లకోసం చెబుతున్నాం. ఇద్దరు కుర్రవాళ్లు, తెల్ల చొక్కాలు, మెడలో ఐడీ కార్డులు, వచ్చి మన హాలు పదిహేను రోజులు కావాలన్నారు. రోజూ పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా ఉచిత చికిత్స అట. మెడ, నడుము, మోకాలు, రెక్క, ఏ నొప్పి అయినా సరే. ప్లగ్గు పెట్టి పని చేయించే ఒక ప్యాడ్, రోజంతా కట్టుకునే ఒక పట్టీ. రెండూ "విద్యుదయస్కాంత శక్తి"తో పని చేస్తాయట. హాలుకు అద్దె ఇస్తామన్నారు, వార్షికోత్సవానికి విరాళం కూడా రాస్తామన్నారు. పదిహేనో రోజు తరవాత ఇష్టమున్నవాళ్లు సెట్టు కొనుక్కోవచ్చు. ధర 28,000 రూపాయలు. వాయిదాలు ఉన్నాయి.

కమిటీలో దాదాపు అందరూ సరే అన్నారు. మేము ఒక్కరమే ఆగండి అన్నాం. దానికి ఒక తమ్ముడు లేచి, "అన్నా, మీకు కరెంటు పెడితేనే కదా రెక్క బాగైంది? మీరే ఊరంతా చెప్పారు. ఇప్పుడు మాకెందుకు వద్దంటారు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈ పొడుగు రాత. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మామూలుగా చెప్పే మాటే మళ్లీ చెబుతున్నాం. మాది తమిళ మీడియం చదువు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో కన్నడం. తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది పెళ్లయ్యాక. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇంకొకటి, మేము డాక్టర్లం కాము. రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్లం. సాయంత్రం క్యాషు లెక్క తేలందే కౌంటరు మూసే పని లేదు మాకు. ఆ అలవాటుతోనే ఈ విషయం తిరగేశాం, అంతే.

మా కుడి రెక్క ఎట్లా పాడైందని డాక్టరు అడిగితే మేము తడుముకున్నాం. మా ఇంటావిడ చెప్పింది, "టికెట్లు గుద్ది గుద్ది" అని. ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ అప్పట్లో టికెట్టంటే చిన్న అట్టముక్క. కౌంటరు మీద ఇనుప మిషను ఉండేది. అట్టముక్క కొస అందులో పెట్టి ఒక్క తోపు తోస్తే టక్కుమని తేదీ పడేది. పొద్దున బండికి సీజన్ పాసులవాళ్లు పోను మిగిలిన జనమే కిటికీ ముందు చాంతాడంత లైను. సంవత్సరాల తరబడి అదే చెయ్యి, అదే తోపు. అదే కారణమో కాదో తెలియదు. "అరవై దాటిన భుజానికి కారణం వెతకనక్కర్లేదు సార్" అని డాక్టరు నవ్వాడు.

అయినా మన ఊళ్లో రెక్క బాగున్న ఇల్లు ఏది? నాన్నల తరం గనిలో డ్రిల్లు మిషను ఒంటికి ఆనించుకుని రాయి తొలిచింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది, ఆ వేడిలో ఆ పని. అమ్మలు వీధి కొళాయి నుంచి బిందెలు మోశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన తరమూ, మన పిల్లలూ మారికుప్పం బండెక్కి బెంగళూరు దాకా పై కమ్మీ పట్టుకుని వేలాడుతూ పోయి, మళ్లీ రాత్రికి వేలాడుతూ వచ్చారు. రెక్కాడితే గాని డొక్కాడదు అన్న సామెత మన లైన్లలోనే పుట్టిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. అందుకే రెక్క నొప్పికి మందు అని ఎవరొచ్చినా మన హాలు నిండుతుంది. ఆ కుర్రవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

మనం "నరం పట్టింది" అంటాం. పట్టేది నరం కాదని మాకు చిన్నప్పుడే తెలిసి ఉండాలి, ఎందుకంటే తమిళ సైన్సు పుస్తకంలో దానికి మంచి మాట ఉంది: తసైనాణ్. తసై అంటే కండ, నాణ్ అంటే విల్లుకు బిగించే నారి. కండను ఎముకకు బిగించే నారి అన్నమాట. తెలుగులో స్నాయువు అంటారట. భుజం గుండు చుట్టూ నాలుగు కండల స్నాయువులు చొక్కా చేతి కఫ్ లాగా చుట్టుకుని ఉంటాయి, అందుకే డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో పై దాన్ని ఎముక కప్పు కింద ఇరుకు సందులోంచి లాగారు దేవుడుగారు. అది అరిగి, నలిగి, గోల చేస్తుంది. చెయ్యి పక్కకు ఎత్తితే మొదట ఏమీ ఉండదు, సగం ఎత్తులో పొడుచుకొస్తుంది, పూర్తిగా పైకి పోతే మళ్లీ తగ్గుతుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర పోయినట్టే. మాకు వచ్చింది ఇదే.

మా ఇంటావిడకు వచ్చింది వేరు. ఆమెకు షుగరుంది. ఆమె చెయ్యి తనంతట లేవదు, ఇంకొకరు పట్టి ఎత్తినా లేవదు, బిగుసుకుపోయింది. దాన్ని ఫ్రోజన్ షోల్డర్ అంటారు. షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది, తగ్గడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టవచ్చు. ఇద్దరం "రెక్క నొప్పి" అనే అంటాం, ఒకే మంచం మీద మూలుగుతాం, రోగాలు మాత్రం రెండు. కుర్రవాళ్లను అడిగాం, ఈ రెండింటికీ వేరువేరు పట్టీలా అని. "ఒకటే సార్, అన్నిటికీ ఒకటే" అన్నాడు. మాకు మొదటి అనుమానం అక్కడే.

ఇక మాకు కరెంటు పెట్టిన కథ. రైల్వే వైద్య కార్డు పట్టుకుని బెంగళూరు పోయాం. ఫిజియోథెరపీ గదిలో రకరకాల పెట్టెలు. మన జనం అన్నిటినీ కలిపి "కరెంటు పెట్టడం" అంటారు గానీ అవి వేరువేరు. ప్యాడ్లు అతికించి చిమచిమలాడించేది ఒకటి. జెల్లు రాసి గుండు తిప్పేది అల్ట్రాసౌండు, అది శబ్దం. లోపల వెచ్చబెట్టేది డయాథర్మీ. మాకు పెట్టింది ఇంకోటి, గాజులాంటి పెద్ద రింగు, లోపల తీగచుట్ట, అందులో భుజం పెట్టి అరగంట కూర్చోవాలి. పల్స్‌డ్ ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ అంటారు, పొట్టిగా పీఈఎంఎఫ్. చుట్టలో కరెంటు ఆగి ఆగి పోతుంటే అయస్కాంత క్షేత్రం పుడుతూ పోతూ ఉంటుంది, దానివల్ల ఒంట్లో అతి సన్నని కరెంటు కదులుతుంది. మనకు మాత్రం ఏమీ తెలియదు. వేడి లేదు, చిమచిమ లేదు. "ఆన్‌లోనే ఉందా అమ్మా?" అని రెండుసార్లు అడిగాం. ఆ అమ్మాయి పచ్చ లైటు చూపించింది. ఈ పచ్చ లైటు గుర్తుపెట్టుకోండి.

పది రోజులకు నొప్పి సగమైంది. రెండు నెలలకు అటక మీది డబ్బా మేమే దించాం. ఆ సంతోషంలో ఊరంతా చెప్పుకున్నాం, "కరెంటు పెట్టించుకో, పోతుంది" అని. తమ్ముడు అన్నది అదే. తప్పు మాది.

ఎందుకంటే తరవాత కూర్చుని లెక్క వేస్తే, ఆ రెండు నెలల్లో జరిగింది కరెంటు ఒక్కటే కాదు. ఆ అమ్మాయి వ్యాయామాలు ఇచ్చింది, తిడుతుందని భయపడి రోజూ చేశాం. బరువులు ఎత్తడం మానాం. చంకలో తలగడ పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాం. పైగా నొప్పి భరించలేని రోజే డాక్టరు దగ్గరికి పోయాం. ఏ నొప్పి అయినా భరించలేని చోటనే నిలబడిపోదు, ఎంతో కొంత తనే దిగుతుంది. నాలుగు ఖాతాల్లో జమ పడాల్సింది ఒకే ఖాతాలో రాసేశాం. డ్యూటీలో ఇట్లా చేసుంటే మెమో ఇచ్చేవాళ్లు.

అయితే పీఈఎంఎఫ్ శుద్ధ మోసమా అంటే, కాదు. దానికి గౌరవమైన చరిత్ర ఉంది. ఎముకను ఒత్తితే అందులో సన్నని విద్యుత్తు పుడుతుందని 1957లో జపాన్‌లో ఫుకాడా, యసుడా అనే ఇద్దరు చూపించారు. ఆ దారి పట్టుకుని న్యూయార్కు కొలంబియా యూనివర్సిటీలో బాసెట్ అనే ఎముకల డాక్టరు, విరిగి ఎంతకీ అతుక్కోని ఎముకలకు ఈ తీగచుట్ట కట్టి చూశాడు. 1979లో అమెరికా ప్రభుత్వం ఆ పనికి అనుమతి ఇచ్చింది. అది ఎముక సంగతి. ఎముకకు పనిచేస్తే స్నాయువుకు ఎందుకు చేయదు అని తరవాతివాళ్లు అనుకున్నారు. అనుకోవడం తప్పు కాదు, కానీ చూడాలి కదా.

చూశారు. 1984లో లాన్సెట్ అనే పత్రికలో ఇంగ్లాండు కేంబ్రిడ్జి డాక్టర్లు రాశారు. సూదిమందుకు కూడా లొంగని రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న 29 మందిని తీసుకున్నారు. సగం మందికి పనిచేసే చుట్ట, సగం మందికి పనిచేయని చుట్ట. ఎవరికి ఏది కట్టారో రోగికీ తెలియదు, పరీక్ష చేసే డాక్టరుకూ తెలియదు. మొదటి నాలుగు వారాల్లో నిజం చుట్టవాళ్లకు స్పష్టంగా మేలు కనిపించింది. ఆ తరవాత అందరికీ నిజం చుట్టే ఇచ్చారు, తేడా పోయింది. చివరికి 29 మందిలో 19 మందికి నొప్పి లేదు, ఇంకో ఐదుగురికి బాగా తగ్గింది. చదివితే మాకూ ఆశ కలిగింది. పట్టీలవాళ్లు పాంప్లెట్ వేయించుకోదగ్గ సంగతే. కానీ 29 మంది అంటే మన హాల్లో ఒక వైపు కుర్చీలు కూడా నిండవు.

కాబట్టి మిగిలినవాళ్లు ఏం చూశారో కూడా చదవాలి. లోకంలో జరిగిన వైద్య పరీక్షలన్నీ పోగేసి తూకం వేసే కాక్రేన్ అనే సంస్థ ఉంది. 2016లో వాళ్లు భుజం స్నాయువు రోగానికి కరెంటు పెట్టెలన్నిటి మీదా 47 పరీక్షలు, 2,388 మంది రోగుల లెక్క తీశారు. అల్ట్రాసౌండుకు, లేజరుకు కొన్ని సందర్భాల్లో కొన్నాళ్ల మేలు ఉండొచ్చు అన్నారు. పీఈఎంఎఫ్ దగ్గరికి వచ్చేసరికి, ఉత్తుత్తి పెట్టెతో పోలిస్తే రోగికి తెలిసేంత మేలు ఉండకపోవచ్చు, వ్యాయామానికి దాన్ని కలిపినా అదనంగా ఒరిగేది ఉండకపోవచ్చు అన్నారు. అక్కడున్న సాక్ష్యమే బలహీనమని కూడా వాళ్లే రాశారు. అంటే తలుపు పూర్తిగా మూయలేదు. కానీ 28,000 పెట్టి కొనుక్కోవడానికి సరిపడా తెరవనూ లేదు.

పచ్చ లైటు గుర్తుపెట్టుకోమన్నాం కదా. ఆ లైటు వెలిగితే చాలు, చుట్టలో కరెంటు లేకపోయినా కొందరికి నొప్పి తగ్గుతుంది. ఇది కొత్త సంగతి కాదు. సుమారు రెండు వందల ఇరవై ఏళ్ల కింద పెర్కిన్స్ అనే అమెరికా వైద్యుడు రెండు లోహపు పుల్లలు అమ్మేవాడు, ఒంటి మీద గీస్తే నొప్పి పోతుందని. గొప్పగొప్పవాళ్లు కొన్నారు. 1799లో ఇంగ్లాండులో హేగార్త్ అనే డాక్టరు కట్టెతో అట్లాంటి పుల్లలే చేయించి, రంగు వేయించి, కీళ్ల నొప్పులున్న ఐదుగురి మీద గీశాడు. నలుగురు తగ్గిందన్నారు! వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకు నిజంగానే తగ్గింది. నొప్పి విషయంలో "నాకు తగ్గింది" అనే సాక్ష్యం నిజమే అయినా, ఏ పుల్ల తగ్గించిందో అది చెప్పలేదు.

పెట్టెలకే కాదు, కత్తికి కూడా ఈ పరీక్ష పెట్టారు. భుజంలో ఆ ఇరుకు సందు ఎముకను గీకి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. ఇంగ్లాండులో 313 మంది మీద చూసి 2018లో ప్రకటించారు. గీకినవాళ్లకూ, ఊరికే గొట్టం పెట్టి చూసి కుట్టేసినవాళ్లకూ ఆరు నెలల తరవాత తేడా లేదు. డాక్టర్లే తమ కత్తిని తూకం వేసుకోగా లేనిది, పట్టీల కంపెనీని అడగడానికి మనకు మొహమాటం ఎందుకు?

అడిగాం కూడా. "బాబూ, ఈ ప్యాడ్‌లో క్షేత్రం ఎన్ని గాస్? ఎన్ని హెర్ట్జ్?" "సార్, సెల్స్ చార్జ్ అవుతాయి" అన్నాడు. మళ్లీ అడిగాం. "జపాన్ టెక్నాలజీ సార్" అన్నాడు. నమూనాకు ఒక పట్టీ వదిలిపోయారు. దానికి వైరు లేదు, బ్యాటరీ లేదు. గుండ్రంగా ఏవో బిళ్లలు కుట్టారు. మా ఇంటావిడ కుట్టుపని డబ్బా దగ్గర పెడితే గుండుసూదులన్నీ వచ్చి అతుక్కున్నాయి. అంటే ఉత్త అయస్కాంతం బిళ్లలు! మా బడి పుస్తకం భాషలో అది కాందం, మిన్‌కాందం కాదు. మిన్ అంటే కరెంటు, అది ఇందులో లేదు. పాత సైకిలు డైనమో మీకందరికీ గుర్తుండాలి. లోపల అయస్కాంతం ఉంటుంది, చక్రం తిరిగినంతసేపే లైటు. సైకిలు ఆపితే చీకటి. క్షేత్రం మారుతుంటేనే కరెంటు పుడుతుందని 1831లోనే ఫారడే చెప్పాడు. కదలని బిళ్లను రెక్కకు కట్టుకుంటే, కేంబ్రిడ్జి వాళ్లు చూసింది వేరు, మనం కట్టుకున్నది వేరు. పేరు మాత్రం అరువు తెచ్చుకున్నారు.

కరెంటు అనే మాట మీద మనకు గురి ఎక్కువ, అది వాళ్లకు కలిసొస్తోంది. శివసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి 1902లో మన గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరుకు వచ్చింది 1905లో, మన తరవాత. ఆ గర్వం ఉండాల్సిందే, మాకూ ఉంది. దాన్ని మనకే తిప్పి అమ్ముతుంటే మాత్రం కొంచెం బాధగా ఉంది.

పదిహేను రోజులు అనే లెక్క కూడా చూడండి. నొప్పి ముదిరినవాళ్లే మొదటి రోజు వస్తారు. పదిహేను రోజుల్లో కొంత తనే తగ్గుతుంది. అంతకంటే పెద్ద సంగతి, రోజూ పొద్దున ఎవరో "అమ్మా, నిన్న రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతారు, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెడతారు, పక్క కుర్చీలో పాత లైను మనిషి కనబడుతుంది, నాలుగు మాటలు, ఒక టీ. పిల్లలు బెంగళూరులో ఉండి వారానికొకసారి ఫోను చేసే ఇళ్లలో అదొక మందు. దాన్ని మేము ఎగతాళి చేయం. కానీ ఆ మందుకు 28,000 అక్కర్లేదు, మన హాలు మనదే, టీ కూడా మనదే. గనిలో పని చేసి ఈపీఎస్ పింఛను తీసుకునేవాళ్లు మనలో ఎందరో. దాని కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఆ లెక్కన ఒక సెట్టు ఇరవై ఎనిమిది నెలల పింఛను.

"పోనీ, డబ్బు పోతే పోయింది, నష్టం ఏముంది?" అని అడిగే అన్నలు ఉన్నారు. మా లైనులో ఒక పెద్దాయన స్నానాల గదిలో జారి పడ్డాడు. చెయ్యి లేవలేదు. ఇంకో ఊళ్లో ఇట్లాంటి శిబిరంలోనే ఎవరో పట్టీ అంటగట్టారు, "రెండు నెలలు కట్టుకోండి" అని. కట్టుకున్నాడు. నొప్పి తగ్గింది కూడా, చెయ్యి మాత్రం లేవలేదు. చివరికి స్కాను తీస్తే స్నాయువు పూర్తిగా తెగి, వెనక్కి జారుకుపోయి ఉంది. మొదటి వారాల్లో వచ్చుంటే కుట్టేవాళ్లం, ఇప్పుడు కష్టం అన్నారు. ఈరోజుకూ కోడలు తల దువ్వుతుంది ఆయనకు. మేము పొద్దున నడకలో కనబడితే "ఆ పట్టీ నీకు కావాలా?" అని నవ్వుతాడు. మాకు నవ్వు రాదు.

పడి చెయ్యి లేవకపోతే పట్టీ కాదు, కోలారు జిల్లా ఆసుపత్రో, టమక ఆసుపత్రో, ఎక్కడైనా సరే ఎముకల డాక్టరు. ఎడమ రెక్క లాగుతూ చెమట పడితే, ఆయాసం వస్తే, అది రెక్క సంగతి కాకపోవచ్చు, గుండె సంగతి, ఒక్క నిమిషం ఆగకూడదు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు, వాళ్లు డాక్టరును అడగకుండా ఏ అయస్కాంతమూ ఒంటికి తగిలించుకోకూడదు. శిబిరంలో ఈ ప్రశ్న ఎవరినైనా అడుగుతారా అంటే, "మేము అందరికీ పెడతాం సార్" అన్నాడు కుర్రవాడు.

మీ డాక్టరే పీఈఎంఎఫ్ రాసి, ఆసుపత్రిలోనే పెడుతుంటే మానేయమని మేము చెప్పడం లేదు. పెట్టించుకోండి, దానితో పాటు వ్యాయామాలు అడిగి తీసుకోండి. అవి మానితే మాత్రం మమ్మల్ని తలుచుకోండి. మాకు ఇచ్చినవి ఏమంత కష్టం కావు. ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి గడియారం లోలకంలా ఊపడం. గోడ మీద వేళ్లతో చీమలా పైకి పాకడం, నిన్నటి గీత ఈరోజు దాటాలి. మోచెయ్యి ఒంటికి ఆనించి గోడను బయటికి నెట్టడం. తరవాత్తరవాత రబ్బరు బ్యాండు. మూడు నెలలు. మా ఇంటావిడకు గోడ పాకుడు పనికి రాలేదు, తలుపు పైన చిన్న కప్పీ కట్టి, తాడు వేసి, బాగున్న చేత్తో రెండో చెయ్యిని పైకి లాగే ఏర్పాటు చేశాం. కప్పీ, తాడు కలిపి రాబర్ట్‌సన్‌పేట బజారులో మూడొందలు కూడా కాలేదు. ఆమెకు ఇంకా పూర్తిగా తగ్గలేదు. జడ వేసుకోగలుగుతోంది, వెనక హుక్కు పెట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం.

మా అభిప్రాయం ఇదీ. హాలు వాళ్లకు ఇవ్వొద్దు. అద్దెకూ విరాళానికీ సంఘం పేరు వాళ్ల పాంప్లెట్ మీద ఎక్కుతుంది, "సంఘంలోనే పెట్టారు కదా" అని మన అక్కలు నమ్మి కొంటారు. దానికి బదులు నెలకొక ఆదివారం ఒక ఫిజియోథెరపిస్టును పిలిపిద్దాం. రానుపోను ఖర్చులు, ఫీజు మొదటి మూడు నెలలు మేము పెట్టుకుంటాం. ఎవరిది ఏ రకం రెక్క నొప్పో వాళ్లు చూసి చెబుతారు, డాక్టరు దగ్గరికి పోవాల్సినవాళ్లను పంపిస్తారు. మిగిలిన ఆదివారాలు మనమే కూర్చుని చేసుకుందాం, టీ ఎట్లాగూ ఉంటుంది.

వచ్చే ఆదివారం పదిన్నరకు కమిటీ మీటింగు. సభ్యులందరూ రావచ్చు, చెయ్యెత్తి ఓటు వెయ్యాలి. ఎత్తలేనివాళ్లు నోటితో చెప్పినా రాసుకుంటామని సెక్రటరీ అన్నాడు. నాలుగు కప్పీలు, తాళ్లు మేము తెస్తున్నాం. హాల్లో వెనక తలుపుకు గడియ సరిగ్గా పడదు, అది ముందే ఎవరైనా బాగు చేయిస్తే మంచిది.